బంతికి నిద్ర చాలలేదట

శుక్రవారం లోపల ఇరవై ఏడు మంది పిల్లల నోట ఒకే ఒక్క మాట పలికించాలి. ఆ మాట ‘ఘర్షణ’. ఒకటో తరగతి టీచరుకి ఆ వారం పట్టుకున్న శని అదే.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. బలం, చలనం అన్న పాఠాన్ని పిల్లలకి ఆటలతో ఎలా చెబుతున్నారో చూస్తాడట. పెద్ద టీచరు సోమవారం పొద్దున్నే పిలిచి ఒక్కటే చెప్పింది: “పుస్తకం ముట్టుకోవద్దు. అంతా ఆటే. జవాబు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రావాలి.”

“ఆటలో పుస్తకం జవాబు ఎలా వస్తుందండీ?”

“అది నీ తెలివి,” అనేసి ఆవిడ ఫోనందుకుంది.

ఆ సాయంత్రమే టీచరు వడ్రంగి పని చేసే అన్న దగ్గరికెళ్ళి మూడడుగుల చెక్క చిత్రిక పట్టించుకుంది.

“పిల్లలాటకి ఇంత నునుపెందుకే?” అన్నాడు అన్న.

“బంతి జారాలి కదన్నయ్యా.”

“బంతి దొర్లుతుంది గానీ జారదు. నువ్వా పాఠం చెప్పేది?” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

మంగళవారం చెక్కని మూడిటుకల మీద ఏటవాలుగా పెట్టింది. పైనుంచి చెక్క బంతి వదిలితే వట్టి నేల మీద బీరువా దాకా దొర్లిపోయింది. కింద గోనెపట్టా పరిచి వదిలితే సగంలోనే ఆగింది. ఆగినచోట సుద్దతో గీత గీసి, గొంతులో తేనె నింపుకుని అడిగింది: “ఎందుకాగింది నాన్నా?”

గుండు అని అందరూ పిలిచే కుర్రాడు చెయ్యెత్తాడు. “అలిసిపోయింది టీచర్!”

“అవును, అలిసిపోయింది!” అన్నారందరూ.

“బంతి అలవదమ్మా. దానికి ప్రాణం లేదు.”

“మరి పరిగెత్తిందిగా?”

వెనక బెంచీలోంచి ఇంకెవరో దానికి ఆకలేస్తోందన్నారు. ఆ మాటకి ఇంకో పిల్ల బంతి మీద జాలేసి ఏడుపందుకుంది. ఈ పిల్లని ఊరుకోబెడుతుండగానే కింద గదిలో ఎక్కాలు చెప్పే లెక్కల మాష్టారు మెట్లెక్కి వచ్చేశాడు.

“పైన ఏనుగుల్ని తోలుతున్నారేంటమ్మా?”

“బలం, చలనం చెబుతున్నానండీ.”

“మీ బలమంతా మా నెత్తిన పడుతోంది!”

బుధవారం బంతి పక్కన పెట్టి బొమ్మ కారు వదిలింది, దారపు ఉండ వదిలింది, చివరికి తన గాజు కూడా తీసి దొర్లించింది. అన్నీ అలిసిపోయాయి. గోడతో చెప్పుకుంటే గోడైనా మెత్తబడేదేమో! “అలవదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?” అని బల్ల మీద చరిచింది. పిల్లలంతా తలలు దించుకున్నారు. ముందు వరసలో చీమ అనే పిల్ల మాత్రం ఆమె మొహం వంక, బంతి వంక మార్చి మార్చి చూసింది. క్లాసులో అందరికంటే చిన్నది, మాట కూడా వినీ వినపడనట్టు మాట్లాడుతుంది కాబట్టి చీమ.

గురువారం బంతి కనిపించలేదు. బీరువా కింద వెతికారు, బెంచీల కింద వెతికారు. పావుగంట గడిచాక చీమ తన సంచీలోంచి చేతిరుమాలు చుట్టిన బంతిని తీసింది.

“ఏంటమ్మా ఇది?”

“నిద్రపోతోంది టీచర్. రాత్రి దిండు పక్కన పడుకోబెట్టాను.”

టీచరు తిట్టడానికి నోరు తెరిచింది. చీమ అప్పటికే చెక్క దగ్గరికెళ్ళి రుమాలు విప్పుతోంది. “ఇప్పుడు అలుపు తీరింది. చూడండి,” అని వదిలింది.

బంతి గోనెపట్టా మీద సరిగ్గా మొన్నటి గీత దగ్గరే ఆగింది.

“నిద్ర చాలలేదు!” అని అరిచాడు గుండు.

చీమ వాడి మాట వినిపించుకోలేదు. మొహం చిట్లించుకుని, పట్టా లాగేసి, వట్టి నేల మీద మళ్ళీ వదిలింది. బంతి బీరువాకి ఠంగున కొట్టుకుంది. “ఇప్పుడే అలిసింది కదా, మళ్ళీ అంత దూరం ఎలా పోయింది?” అని తనలో తనే గొణుక్కుంటూ అరచెయ్యి నేలకి రాసింది, తర్వాత పట్టాకి రాసింది. “ఇది గరుగ్గా ఉంది టీచర్. ఇదే పట్టుకుంటోంది.”

టీచరు ఊపిరి పీల్చుకుని, ఇదే అదనని “దాన్నే” అని మొదలుపెట్టిందో లేదో, గంట కొట్టారు. ఆ గంట కొట్టినవాణ్ణి ఆమె మనసులో ఏమేమి అనుకుందో చెప్పకపోవడమే మర్యాద.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి, గోనెపట్టా మీదకి బంతి వదిలి, అది ఆగాక “ఎందుకాగింది?” అన్నాడు.

“అలిసి...” అన్నాడు గుండు.

“కాదు,” అంది చీమ. ఈసారి అందరికీ వినపడింది. “రాత్రంతా పడుకోబెట్టాను. అయినా అక్కడే ఆగింది. గోనెపట్టా పట్టుకుంటోంది.”

“భేష్! మరి దాన్నేమంటారు?”

“గోనెపట్టా.”

పెద్ద టీచరు తలుపు దగ్గర నెత్తి కొట్టుకుంది. ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచాడు. “మాట రాలేదమ్మా.”

నాలుగు రోజులుగా మింగుతున్నదంతా టీచరు నోటికొచ్చేసింది. “సంగతొచ్చింది కదండీ! నేను రెండు రోజులు మొత్తుకున్నా ఎక్కనిది, ఆ పిల్ల ఒక్క రాత్రి బంతిని జోకొట్టి తేల్చుకుంది. మాటదేముంది, సోమవారం చెబుతాను!”

ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం కాగితం వచ్చింది: ‘పిల్లలు చురుకు. పదజాలం చాలదు. టీచరుకి ఓర్పు అవసరం.’ ఆ ‘ఓర్పు’ దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. పెద్ద టీచరు “ఒక్క మాట! ఒక్క మాట చెప్పించలేకపోయావు!” అంటూ మెట్లు దిగేదాకా వెంట నడిచింది.

సోమవారం టీచరు బోర్డు మీద పెద్దక్షరాలతో ‘ఘర్షణ’ అని రాసి చదివించింది.

“ఎవరు టీచర్?” అన్నాడు గుండు. “కొత్తగా చేరిందా?”

టీచరు సుద్దముక్క కింద పెట్టి కుర్చీలో కూలబడింది. చీమ వెనక్కి తిరిగి వాడికి విడమర్చింది: “గరుకు పట్టుకుంటుంది చూడు, దాని బడి పేరు రా.”

“ఓహో,” అని గుండు తలూపి గట్టిగా చదివాడు. “గర్సన!”

ఒత్తు సంగతి రేపు చూసుకుందాంలెమ్మని, టీచరు బోర్డు తుడిచేసింది.