కుట్టుకు వదలాల్సిన అంగుళం

మాస్టారు నలభై ఏళ్ళ పాటు మగవాళ్ళ కోట్లూ ప్యాంట్లూ కుట్టారు. కత్తెర ఆడినంత సేపూ ఆయన నోరు కూడా ఆడేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. కాలు ఈడ్చుకుంటూనైనా ఇంట్లో తిరగగలిగేవారు గానీ, ఆ చెయ్యి మాత్రం ఎవరో దాచిపెట్టమని ఇచ్చి మరిచిపోయిన వస్తువులా ఒళ్ళో పడి ఉండేది.

అప్పట్నుంచి ఆయన నలుగురిలో కూర్చుని తినడం మానేశారు. ప్లేటు గదిలోకి తెప్పించుకుని తలుపు దగ్గరగా వేసుకునేవారు. తర్వాత కోడలు వెళ్ళి చూస్తే సగం ప్లేటులోనే ఉండేది, కొంత నేల మీద ఉండేది. ఒకసారి కొడుకు చెంచా పట్టుకుని పక్కన కూర్చున్నాడు. అతను సిటీ బస్సు డ్రైవరు.

"నువ్వు బస్సు నడుపుకోరా. నా నోరు నడపక్కర్లేదు" అన్నారు మాస్టారు.

ఆ మాటతో కొడుకు చెంచా కింద పెట్టేశాడు. మళ్ళీ పట్టుకోలేదు.

ఆరు నెలల్లో ఆయన ఎనిమిది కిలోలు తగ్గారు. మాంసం, గుడ్లు బాగా పెట్టమని డాక్టరు చెప్పాడు. పెట్టడానికేం, ఇంట్లో లోటు లేదు. అది ఆయన నోటిదాకా వెళ్ళడమే కష్టమైంది.

ఒకరోజు కోడలు తపాలా ఆఫీసు నుంచి పెందలాడే ఇంటికొచ్చింది. మామగారి గదిలో మంచినీళ్ళు పెట్టడం మరిచిపోయానని గుర్తొచ్చి, గ్లాసు పట్టుకుని మోచేత్తో తలుపు తోసింది. మాస్టారు మంచం అంచున ప్లేటు పెట్టుకుని, వంగి, మూతి ఆనించి తింటున్నారు. ముక్కుకు కూర అంటుకుంది. చొక్కా కాలరు కూడా తడిసింది. ఒక్క క్షణం తలెత్తి చూశారు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేసింది.

వంటింట్లోకి వచ్చి చాలాసేపు ఊరికే నిలబడింది. ఆ సంగతి భర్తకు చెప్పలేదు. అతను బాధపడతాడని కాదు. చెబితే ఆ పెద్దమనిషి పరువు ఇంకొకరి ముందు పోతుందని.

ఆఫీసులో ఆమె పక్క కౌంటరు ఆవిణ్ణి అందరూ గడియారం అని పిలిచేవాళ్ళు. ఒంటిగంట కొట్టీ కొట్టకముందే ఆకలనేది. వరుసలో జనం ఉన్నా సరే, ఎడమ చేత్తో ఏదో కొరుకుతూ కుడిచేత్తో ఉత్తరాల మీద ముద్రలు గుద్దుతూనే ఉండేది. రెండేళ్ళుగా పక్కనే కూర్చుంటున్నా కోడలు ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ వారం మాత్రం కన్నార్పకుండా చూసింది.

"అదేంటక్కా?"

"ఖీమా పెట్టి కాల్చిన బన్ను. దిష్టి పెట్టకు, ఇంకోటుంది, తీసుకో."

"చెయ్యడం కష్టమా?"

"కష్టమైతే నేనెందుకు చేస్తాను? ఖీమాని ఉల్లిపాయా మిరియాలూ వేసి తడి లేకుండా వేయించు. మైదాలో ఈస్టు వేసి గోరువెచ్చటి పాలతో కలిపి ఓ గంట వదిలెయ్. ఖీమా పూర్తిగా చల్లారాకే లోపల పెట్టు. తొందరపడితే పిండి మెత్తబడి పగులుతుంది."

ఆదివారం కోడలు తొందరపడింది. ఓవెన్ తీసి చూస్తే పన్నెండింటిలో తొమ్మిది నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వేడి ట్రే ఉత్తచేత్తో పట్టుకుని వేళ్ళు కాల్చుకుని, ఆ తర్వాత గుడ్డ అందుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో అని తనకే నవ్వొచ్చింది. కాస్త బాగున్నవి మూడు ఏరి, గదిలోకి తీసుకెళ్ళకుండా బల్ల మీద పెట్టింది.

వాసన పట్టుకుని మాస్టారే వచ్చారు. ఆమె వీపు తిప్పి గిన్నెలు కడుగుతున్నట్టు నటించింది. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"అమ్మాయ్, ఈ అతుకు ఎవరు వేశారు?"

"నేనే మామయ్యగారూ. బాలేదా?"

"రుచికేం, బ్రహ్మాండంగా ఉంది. కుట్టు మాత్రం అతుకుల బొంతలా ఉంది. ఇలా రా."

వెళ్ళింది. ప్లేటులో రెండు లేవు. మూడోది ఆయన ఎడమచేతిలో ఉంది. పగలడానికి సిద్ధంగా ఉన్న దాని అంచు మీద బొటనవేలు పెట్టి చూపించారు.

"అంచుదాకా ఖీమా కూరేశావు. కుట్టుకు అంగుళం వదలకపోతే ఏ బట్టయినా పిగిలిపోతుంది. పిండైనా అంతే. ఇంకా పిండి ఉందా?"

ఉంది. ఆమె గుండ్రంగా వత్తి, మధ్యలో కొంచెం ఖీమా వేసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఎడమచేత్తో అంచు తడిపి, సగానికి మడిచి, ప్యాంటు అడుగు మడిచినట్టు ఇంకోసారి లోపలికి మడిచారు. అలవాటు లేని చెయ్యి కావడంతో మడత వంకర పోయింది. విప్పేశారు. మళ్ళీ మడిచారు. మూడోసారికి కుదిరింది. పెదవి కొరుక్కుంటూ మడుస్తున్న ఆ మనిషిని చూస్తుంటే ఆమెకు సాయం చెయ్యాలనిపించి చెయ్యి కదిలింది. వెంటనే ఆ చేతిని వెనక్కి లాక్కుంది.

"ఇప్పుడు పైన కత్తితో చిన్న కాజా వెయ్యి" అన్నారాయన.

"కాజా ఎందుకు? గుండీ పెడతామా?"

"ఆవిరి పోవద్దూ?"

ఆ బన్ను పగల్లేదు.

అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇద్దరివీ అయిపోయాయి. ఆమె వత్తేది, ఆయన మడిచేవారు. మడతల్లో రకాలు మొదలయ్యాయి. కుచ్చులు పెట్టినదొకటి, జేబు మూత లాంటిదొకటి. కొడుకు డ్యూటీకి రెండు పట్టుకెళితే డిపోలో తోటి డ్రైవర్లు లాక్కుని తినేశారట. మాస్టారు పైకేమీ అనలేదు గానీ, మరుసటి ఆదివారం పిండి రెట్టింపు కలపమన్నారు. వారం వారం ఆయన చెంపల గుంటలు కొంచెం కొంచెంగా పూడాయి.

మూడు నెలలయ్యాక కోడలు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రెండు కిలోలు పెరిగారని, చెయ్యి మాత్రం ఇక ఇంతేనని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి ఎదురుగా ఉన్న పార్కు బెంచీ మీద కూర్చున్నారు. ఆమె సంచీలోంచి బన్నుల పొట్లం తీసింది. చుట్టూ జనం ఉన్నారు. మాస్టారు అటూ ఇటూ చూడకుండా తిన్నారు.

తిన్నాక, గుడ్డతో మూతి తుడుచుకుంటూ అడిగారు.

"ఆ రోజు తలుపు తీశావు కదా. మావాడికి చెప్పావా?"

"లేదు మామయ్యగారూ."

"ఇవి అందుకే మొదలుపెట్టావు."

కాదనబోయింది. ఆయన మొహం చూసి అబద్ధం ఆడలేకపోయింది. "అవును" అంది.

ఎదురుగా ఒకావిడ తోపుడు బండిలో బిడ్డను పెట్టుకుని వెళ్తుంటే దారివ్వడానికి ఆయన కాలు లోపలికి లాక్కున్నారు.

"నీ మీద కోపం వచ్చింది అప్పుడు. చూసినందుకు కాదు. చూసి జాలి పడతావని" అన్నారు చివరికి. "బన్ను పెట్టి ఊరుకున్నావు. మంచిపని చేశావు. కానీ అమ్మాయ్, ఎంత బాగున్నా రోజూ ఇవే తింటానా? రేపట్నుంచి మీరేం తింటే నాకూ అదే పెట్టు, బల్ల దగ్గరే. ఒంపుకుంటే ఒంపుకుంటాను. తినిపించడానికి మాత్రం ఎవరూ రాకూడదు. వాడికి నువ్వే చెప్పు."

"ఏం చెప్పమంటారు?"

"అంతా చెప్పు. నేను చెప్పలేను."

ఆమె ఆ రాత్రే భర్తకు చెప్పింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని ఆమెకు తెలుసు.

మర్నాడు సాయంత్రం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మాస్టారు ఎడమచేత్తో చెంచా పట్టుకున్నారు. మొదటి చెంచాలో సగం చొక్కా మీద పడింది. కొడుకు గుడ్డ కోసం లేవబోతే కోడలు అతని మోకాలు మీద చెయ్యి వేసింది. కూర్చున్నాడు. మాస్టారు రెండో చెంచా తీసుకున్నారు, అది కొంత నయం. కొడుకు డిపోలో కొత్త బస్సులు వచ్చిన సంగతి మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరివీ ప్లేట్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. మాస్టారిది ఇంకా సగమే అయింది.

ఎవరూ తొందరపడలేదు. చీకటి పడుతుంటే కోడలు లేచి లైటు వేసి, వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది.