చిన్నవని పంపేసిన చేపలు

హెప్సిబాది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. బోనకల్ దగ్గర చేపపిల్లల చెరువులు పెట్టింది మొదలు ఆమెకు ఒకటే సూత్రం, పెద్దదే విత్తనానికి. వాళ్లమ్మ మొక్కజొన్న కంకుల్లో లావుదాన్నే విత్తనానికి దాచేది. హెప్సిబా కూడా రోహు చేపల్లో ఏపుగా ఎదిగినవే ఉంచుకుని, చిన్నవి ఏరి అడవి ఊరి చెరువుకు పంపేసేది. అలా చేపల మూడు తరాలు గడిచాయి. ఇప్పుడు వాటిని చూడడానికే రైతులు వస్తున్నారు. గర్వం ఉండదా మరి?

తొలకరి పడింది. తల్లిచేపల పొట్టలు గుడ్లతో మెత్తబడ్డాయి. ఆమె భర్త బెన్నీ వల లాగి ఒక్కో చేప పక్కరెక్క నిమిరాడు. మగదానికి అది గరుకుగా ఉంటుంది.

"అన్నీ నున్నగనే ఉన్నయి హెప్సీ," అన్నాడు.

"మల్ల చూడు."

మళ్లీ చూశాడు. చెరువంతా ఆడవే. వీటిలో ఆడవి తొందరగా ఎదుగుతాయి, మగవి వెనకబడతాయి. కంకికి లేని ఈ ఆడామగా చిక్కు చేపకు ఉందని ఆమెకు తట్టనేలేదు. బయటి మగచేపలను తెస్తే ఇన్నేళ్ల ఎంపిక నీళ్లపాలు. ఊరుకుంటే గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి.

"మన చిన్నయి భీమక్కోళ్ల చెరువుల ఉన్నయి గద," అంది చివరికి. "నడువ్, జల్దీ పోదాం."

భద్రాచలం అవతల అడవి ఊళ్లో చేపల సంఘానికి భీమక్క పెద్ద. సంగతంతా నింపాదిగా విన్నది.

"గప్పుడు మాకెందుకిచ్చినవ్ బిడ్డా?"

"చిన్నయని."

"ఇప్పుడేంది?"

"ఇప్పుడు గవే కావాలె. ఆడయి పెంచుడు నాకొచ్చింది. మొగయి కాపాడుడు నీకొచ్చింది అక్కా."

భీమక్క నవ్వింది. "తీస్కపో. మీ దగ్గరున్న అన్నిట్ల పెద్దది మా చెరువుల ఎయ్యాలె."

హెప్సిబా ఆ పెద్దదానికి రాణి అని పేరు కూడా పెట్టుకుంది. ప్రాణం చివుక్కుమంది. అయినా తడుముకోలేదు.

"గుడ్లు పెట్టినంక నేనే తెస్త," అంది.

వల పడింది. ఆమె ఒకప్పుడు వద్దన్న చేప చేతిలో గిలగిలలాడింది. రెక్క గరుకు. పొట్ట మెల్లగా ఒత్తితే, గుడ్లను పండించే తెల్లటి పాలు అరచేతిలోకి జారాయి. హెప్సిబా కళ్లు చెమర్చాయి.

గుడ్లు పిల్లలై తొట్లు నిండాక, మాట ప్రకారం రాణిని ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి తన చేతులతోనే వదిలి వచ్చింది.

మర్నాడు పక్క చెరువులో, ఇంకా ఈడుకు రాని పోయినేటి పిల్లల్లోంచి బెన్నీ సంతకు చేపలు ఏరుతున్నాడు. హెప్సిబా గంపలోంచి అన్నిటికన్నా చిన్నదాన్ని తీసి రెక్క నిమిరింది. అప్పుడప్పుడే గరుకు తేలుతోంది. దాన్ని పట్టుకెళ్లి, ఇన్నాళ్లూ రాణి ఉండిన తల్లిచేపల చెరువులో వదిలింది.