నీలం గ్లోవులు

కల్లూరులో వీరభద్ర డాక్టరు నర్సింగ్ హోమ్ పెట్టిన నాటి నుంచీ ఆపరేషన్ గదిలో నీలం గ్లోవులు ఆయనవి, తెల్లవి మిగతా అందరివీ. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ల కుర్చీ మీద టవలు ఉంటుంది, ఎందుకని అడుగుతామా? ఇదీ ఆ గొప్పే అనుకున్నారు. నర్సు రెజీనా కూడా అలాగే అనుకుంది.

ఆమె చేతులు మణికట్టు దాకా ఎర్రగా పొంగి, పగిలి, రసి కారుతున్నాయి. చూపిస్తే డాక్టరు ఓ చూపు విసిరి రోగం తేల్చేశాడు.

"ఇంట్లో గిన్నెలు తోముతాండావు గదా, సబ్బు పడల్యా నీకు. ఇవి ఏసుకోని తోముకో" అని అందరి ముందూ తెల్ల గ్లోవుల డబ్బా చేతిలో పెట్టాడు. ఆస్తి రాసిచ్చినంత ఠీవి ఆ మొహంలో.

పిచ్చిది, ఇంట్లోనూ వేసుకుంది. చేతులు ఇంకా చెడ్డాయి. గ్లోవులు వేసుకోలేనంటే పంపించేస్తాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని పోయి మొగుడు జయపాల్ ఇంట్లో ఉన్నాడు, ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదే. నోరు మూసుకుంది.

ఆసుపత్రి వార్షికోత్సవం వచ్చింది. బెలూన్లు ఊదే చాకిరీ కూడా నర్సులదే, ఇంకెవరిది! ఊదుతూ ఊదుతూ రెజీనా పెదవులు ఉబ్బాయి, గొంతు బిగుసుకుంది, ఊపిరాడలేదు. పెద్ద నర్సు ప్రేమజ్యోతి పరుగున వచ్చి తొడకు ఇంజెక్షన్ వేయకపోతే ఆ రోజే ఆమె పని అయిపోయేది.

తేరుకున్నాక డాక్టరు వచ్చాడు. కేకు కోయడం ఆలస్యమైందని ఆయన బాధ.

"సబ్బుతో జాగ్రత్త అని చెప్తి గదమ్మా!"

"బెలూన్లో సబ్బు యాడుండాది సార్? నాకు పడంది రబ్బరు. ఈ తెల్ల గ్లోవులూ రబ్బరువే గదా. నాకూ ఆ నీలం గ్లోవులు ఇప్పియ్యండి."

"అవి అందరికీ యాడ తెచ్చేది? నాకంటే రబ్బరు పడదు గాబట్టి..."

మాట సగంలో మింగాడు గానీ, అప్పటికే అందరూ విన్నారు. రెజీనా చేతులను చూసిన రోజే ఆయనకు తెలుసు. తెలిసే సబ్బన్నాడు, తెలిసే ఆ డబ్బా ఇచ్చాడు. రెజీనాకు కోపం కూడా రాలేదు, వట్టి అసహ్యం వేసింది. ఇలాంటి మనిషికా ఇన్నాళ్లూ భయపడింది!

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు ఆపరేషన్ గదిలో నీలం డబ్బా ఖాళీ. ఆఖరి జత రెజీనా చేతులకుంది.

"ఇదేందమ్మా? మరి నేనేం ఏసుకునేది?"

ఆమె తెల్ల జత ఒకటి ముందుకు చాపింది.

"ఏసుకోండి సార్. సబ్బుకు శానా మంచివంట గదా."

డాక్టరు రెండు చేతులూ వెనక దాచుకున్నాడు. ప్రేమజ్యోతి ఫోను తీసి మందుల షాపుకు కలిపి, మాట్లాడమని ఆయన చెవి దగ్గర పెట్టింది.

"నీలం గ్లోవులు పంపప్పా" అన్నాడాయన గొణుగుతూ. "అందరికీ."