విషయసూచికలో చుక్కలు

ఓంప్రకాష్ చుక్కలు కొడుతున్నాడు. విషయసూచికలో అధ్యాయం పేరుకీ పేజీ నంబరుకీ మధ్య ఒక్కొక్క చుక్క, కంటి కొలతతో. చుక్క మీట నొక్కీ నొక్కీ కుడిచేతి ఉంగరపు వేలి కొన అరిగి నున్నబడింది. పక్క షెడ్డులో మగ్గాల అదురుకు మానిటర్ వణుకుతోంది. మగ్గాల పేట కనేరిలోని ఈ ఇరుకు దుకాణంలో పందొమ్మిదేళ్లుగా పిల్లల థీసిస్‌లు ఇలాగే టైపు చేస్తున్నాడు.

ఇవాళ మాలతి రావాలి. మగ్గం నడిపే కనుకయ్య కూతురు. నూలుపోగులు తెగే లెక్క మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె ఎమ్మెస్సీ పుస్తకం టైపు చేసింది అతడే. అప్పుడు కాగితాల కట్టను ఆకుపచ్చ చిందీతో, మగ్గం దగ్గర కత్తిరించి పారేసే అంచు పేలికతో, కట్టి తెచ్చింది. దాన్ని మేకుకు తగిలించి ఉంచాడు. పెద్ద థీసిస్ కూడా తనకే వస్తుందని ఈ నెల వేరే పెద్ద పని ఒప్పుకోలేదు.

మాలతి వచ్చింది. చేతిలో కట్ట లేదు, పెన్‌డ్రైవ్ ఉంది.

"అన్నా, అయిదు కాపీలు. ప్రింటు, బైండింగ్, బస్."

"టైపు ఎవలు కొట్టిండ్రు?"

"నేనే. లేటెక్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంటది, దాన్ల. మాతోటి చదివే సిద్ధార్థ నేర్పిండు."

"వర్డ్‌కు ఏం రోగమొచ్చింది?"

ఆమె నవ్వింది. "గట్ల కాదన్నా. నడుమ ఒక బొమ్మ ఎక్కిస్తె ఎనుక నంబర్లన్ని అదే మార్చుకుంటది. చుక్కలు గుడ అదే పెట్టుకుంటది."

"నేను మార్చకపోదునా?"

"పోయినసారి మార్చినవ్. మూడు తప్పు వడ్డయ్. వైవాల సార్ అందరి ముంగట అడిగిండు. తప్పు నాదే సార్ అని చెప్పిన."

ఓంప్రకాష్ పెన్‌డ్రైవ్ గుచ్చి ప్రింటు ఇచ్చాడు.

కృతజ్ఞతల పేజీ మొదట చూశాడు. అప్పట్లో తన పేరున్న చోట సిద్ధార్థ పేరుంది. చెక్క స్కేలు తీసి విషయసూచికలో ఒక్కో వరుస కింద పెట్టుకుంటూ ఆయా పేజీలు తిప్పాడు. ఒక్క నంబరు తప్పినా చాలు. చివరి వరుస దాకా ఒక్కటీ తప్పలేదు. చుక్కలు కూడా ఒకదాని కింద ఒకటి నిలువుగా నిలబడ్డాయి. తన చుక్కలు ఎన్నడూ అలా నిలవలేదు.

సాయంత్రానికి నల్ల రెక్సిన్ అట్టల మీద బంగారు అక్షరాలు అద్దాడు. ఊపిరి బిగబట్టి అద్దాడు.

మాలతి వేలితో తడిమింది. "ఎంత సాఫ్ వచ్చిందన్నా! రేపు పుణెల ఇచ్చి, అక్కడ్నే నౌకరిల చేరుతున్న."

"మళ్ల రావా?"

"నాయినను గుడ తోల్కపోతున్న."

అతడు మేకు వైపు చేయి చాపాడు. "ఆగు చెల్లె, నీ చిందీతోనే కట్టి ఇస్త."

"వద్దన్నా, బ్యాగుల వడతయ్."

ఆమె మెట్లు దిగింది. మేకుకు ఆకుపచ్చ పేలిక మగ్గాల అదురుకు సన్నగా ఊగుతోంది. ఆమె ముడి వేసిన చోట మడత ఇంకా పోలేదు.