ముందాయన చెప్పిందే నా మాట

కోత మిషన్లకు కంపెనీ వేసిన తాళాన్ని చట్టంతో పగలగొట్టినవాడు మా బావ. ఒక్కడే! ఆయన గొంతు సవరించుకుంటే శాసనసభ గోడల సున్నం పెళ్లలు పెళ్లలుగా రాలింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ముందు ఆ తాళం సంగతి చెప్పాలి. మిషన్ లోపల చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది. ఏ వైరు కాస్త వదులైనా అది బండిని నిలబెట్టేస్తుంది. వైరు బిగించడం బావకు చిటికెలో పని. కానీ బండి మళ్లీ కదలాలంటే కంపెనీ మెకానిక్ ల్యాప్‌టాప్‌తో వచ్చి తాళం తీయాలి. కిందటి కోతల్లో మెకానిక్ కంటే ముందు వాన వచ్చింది. వరి గింజ వెన్నులోనే మొలకెత్తింది.

"ఇంక నావల్ల కాదే. పొలం కౌలుకిచ్చేద్దాం," అన్నాడు బావ. కోపంగా అని ఉంటే అక్క పట్టించుకునేది కాదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ నెమ్మదిగా అన్నాడు. అందుకే ఆమె పట్టించుకుంది.

రైతు సంఘం అప్పటికే ఏళ్ల తరబడి ఆ చట్టం వెంట తిరుగుతోంది. తాళం తీసే సాధనాన్ని రైతుకు కూడా ఇవ్వాలని సంఘం ప్లీడరమ్మ ఒక సెక్షన్ రాసింది. కొట్టేశారు. మళ్లీ రాసింది. నాయకుల గదుల ముందు సంఘం వాళ్లు కూర్చుని కూర్చుని బెంచీలు నున్నబడ్డాయి. చివరికి శాసనసభ వ్యవసాయ కమిటీ రైతుల మాట వింటానంది. ఆ రోజు కమిటీ ఒప్పుకోకపోతే సెక్షన్ బిల్లులోంచి ఎగిరిపోయినట్టే.

అక్కడ మాట్లాడేందుకు దొరికే సమయం బహు తక్కువ. అందుకని ప్లీడరమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఒక్కరు జరిగిందంతా చెప్పాలి. మిగతావాళ్లు వరసగా లేచి "ముందాయన చెప్పిందే నా మాట" అని కూర్చోవాలి. చెప్పే పని బావది.

"బాబాయ్ గారూ, లేవగానే మిషన్ ఆగిన సంగతి ఎత్తుకోండి. ఎర్ర లైటు వెలిగిందంటే మైకు ఆగిపోతుంది," అంది ప్లీడరమ్మ.

"నాకు చెప్తావేంటమ్మా! నేను మొదలెడితే ఆపేదెవరు?"

"నా భయం కూడా అదే," అంది అక్క.

ముందు కంపెనీ ఆయన లేచి, తాళం ఉన్నది రైతు క్షేమం కోసమేనని వెన్న రాసినట్టు చెప్పి కూర్చున్నాడు. తర్వాత బావను పిలిచారు. కమిటీ అధ్యక్షుడు కూడా సేద్యం చేసే మనిషే. ఇద్దరు రైతులు కలిసినప్పుడు వాన ఊసెత్తకుండా పనిలోకి దిగడం బావ దృష్టిలో ఒట్టి మొరటుతనం.

"నమస్కారం అధ్యక్షా. మీ వైపు వానలెలా ఉన్నాయి?"

పొద్దుటి నుంచి కాగితాల్లో కూరుకుపోయిన ఆ పెద్దమనిషికి ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడివండీ! మబ్బు పట్టడం, పోవడం."

"మాకూ అదే తంతు. వద్దన్నప్పుడు కురుస్తుంది."

వాన నుంచి బోర్లకు, బోర్ల నుంచి పురుగుకు వెళ్లారు. వెనక వరసలో ప్లీడరమ్మ నుదురు పట్టుకుంది. "ఇక అసలు విషయానికొస్తే..." అన్నాడు బావ. ఎర్ర లైటు వెలిగింది.

సున్నం రాలిందన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గోడలకు ఉన్నవి చెక్క పలకలు. మైకు ఆగాక బావ గొంతు పక్క కుర్చీకి కూడా వినపడలేదు.

చెరకు రైతు లేచాడు. "ముందాయన చెప్పిందే నా మాట." కోళ్ల ఫారం ఆవిడ లేచింది. "ముందాయన చెప్పిందే నా మాట." పాల రైతు కూడా అదే పాట అందుకోబోతే ఒక సభ్యుడు ఉండబట్టలేక, "వాన గురించేనా?" అని అడిగాడు.

"ఆయన దేని గురించంటే దాని గురించేనండి," అన్నాడు పాల రైతు.

బావ తలెత్తలేదు. పొలం కౌలుకు ఎవరు తీసుకుంటారా అని మనసులో ఒక్కొక్కరినీ తలచుకుంటున్నాడు. ఒక్కరూ నచ్చడం లేదు.

చివర అక్క లేచింది. "ముందాయన చెప్పిందే..." అని ఆగింది. "రైతుల్లో మొదట మాట్లాడినాయన మా ఆయనండి. ఇంట్లోనూ ఇంతే. కబుర్లు ఆయనవి, పని నాది."

అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా ఉండి చెప్పింది. "వైరు ఈయనే బిగించాడు. బండి బాగైంది. బాగైన బండి పక్కనే గట్టు మీద కూర్చుని చేను మొలకెత్తడం చూశామండి. పంట పోతే మళ్లీ పండిస్తాం. ఆ రోజు నుంచి ఈయన విత్తనం మాటే ఎత్తడం లేదు. మనిషే చేతులెత్తేస్తే నేనేం చెయ్యను?"

లైటు వెలగకముందే కూర్చుంది.

సెక్షన్ నిలబడింది. కాకపోతే కంపెనీల పట్టుదల వల్ల, అమలు మాత్రం పై ఏటి నుంచి అని తోక తగిలించారు. ఈ కోతలకు తాళం తాళమే.

బయట మెట్ల మీద ప్లీడరమ్మ చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటోంది.

"గెలిచామా అమ్మా?"

"గెలిచాం బాబాయ్ గారూ. ఇలాంటిదే ఇంకొకటి సభ ఓటింగులోనూ గెలిస్తే పనవుతుంది."

తిరుగు ప్రయాణంలో, వ్యాన్ కుదుపుల మధ్య, బావ అక్క వైపు తిరిగాడు. "ఏమే, ఇంకో కోత ఆ తాళంతోనే. విత్తుదామా?"

"విత్తుదాం," అంది అక్క.

వ్యాన్‌లో జరిగాయన్న ఈ మాటలు మాత్రం నా సొంత కల్పన. నిజానికి బావ అక్క భుజం మీద తల వాల్చి గురక పెట్టాడు. అక్క కిటికీకి తల ఆనించి పడుకుంది. తొలి వానకు విత్తనం వేశారన్నది మాత్రం నిజం.