ఉమ్మడి గొళ్లెం

సైనిక్‌పురి ఆఫీసులో కల్పలత నెలంతా కూర్చుని, కస్టమర్ల వెబ్‌సైట్లన్నిటిలో చెల్లాచెదురుగా పడున్న సెక్యూరిటీ సెట్టింగులను ఒక్క ఫైలులోకి తెచ్చింది. ఇకపై సర్వర్‌లోని ప్రతి సైటూ దాన్నే చదువుకుంటుంది. ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దినట్టే.

మర్నాడే ఆ కొత్త సెట్టింగులు అడ్డుపడి మోండా మార్కెట్ స్టీలుసామాన్ల భద్రయ్య సైటులో వీడియో ఆగిపోయింది.

"మనోడే గద, జెర లూజ్ చెయ్," అన్నాడు ఆఫీసు యజమాని ఓంప్రకాశ్.

"ఆయనొక్కనికే వేరే రాస్తా సార్. జెర ఆగుండ్రి."

ఆమె భోంచేసి వచ్చేసరికి ఓంప్రకాశే ఆ ఫైలు తెరిచి, అడ్డమనిపించిన వరుసలన్నీ చెరిపేశాడు. భద్రయ్య వీడియో ఆడుతోంది. ఆసుపత్రి సైటూ, బడి సైటూ, చిట్టీల సైటూ హ్యాకర్లకు బార్లా తెరుచుకున్నాయి. పాత పద్ధతే ఉంటే ఒక్క భద్రయ్య ఇల్లే గుల్లయ్యేది.

"నీ ఫైలు మస్తుగుంది కల్పలతా," అన్నాడు ఓంప్రకాశ్. "ఒక్క దెబ్బకు అందరి తక్లీఫ్ పోయింది. ఇగ దాన్ని ముట్టకు."