మఠం ద్వారంలో రాతి పద్మం

పుత్తూరు అవతల కొండను ఆనుకుని ఉన్న పాత మఠంలోకి, బయటికి రాతి ద్వారం ఒక్కటే దారి. ఆ రోజు గురుపూజ. లోపల అరవైమంది దాకా భోజనాలకు కూర్చున్నారు. నీళ్ల క్యాన్లు దించిన వ్యాను వెనక్కి వస్తూ ద్వారం కంబాన్ని గుద్దింది.

మూడు నెలలుగా ఆ ద్వారం శిల్పాల మీది సున్నం గీకుతున్న ఇద్రీస్ చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. కంబాల మీద అడ్డంగా ఉన్న పైరాయి మధ్యలో వెంట్రుకంత బీట. అతను చూస్తుండగానే అందులోంచి పొడి రాలింది.

ఎవరూ గడప దాటొద్దని కేకేశాడు. వంటపందిరి దగ్గరున్న దుంగలు రెండు, మందపాటి చెక్కపలక ఒకటి తెప్పించాడు. పలకను రాయికి ఆనించి, దుంగలు నిలబెట్టి, వాటి కింద బండ్ల జాకీలు తిప్పితే కాసేపైనా ఆగుతుంది. కానీ పలక ఆనలేదు. రాయి అడుగున చెక్కిన పద్మం జానెడు కిందికి వేలాడుతోంది.

ఇద్రీస్ కోతమిషను అందుకున్నాడు. గడప లోపల నిలబడ్డ మఠం పెద్ద తిరుమలయ్య ముఖం పాలిపోయింది.

"పద్మాన్ని కోస్తావా అప్పా? ఎన్నో తరాల పని అది."

"ఒక్కో రేకూ నా చేత్తోనే కడిగినా సామీ. ఉలి దెబ్బ పడితే రాయి కూలిపోతాది. వేరే దారి లేదు."

తిరుమలయ్య వెనక తోసుకుంటున్న జనాన్ని చూశాడు. తల ఊపాడు.

ఇద్రీస్ నిచ్చెనెక్కాడు. రేకులు ఒక్కొక్కటే తెగి పడుతున్నాయి. సగంలో రాయి టప్పుమంది. మిషను ఆపి ఊపిరి బిగబట్టాడు. రాయి కదల్లేదు. కళ్లలో దుమ్ముతోనే మిగతాది కోసి, దిగొచ్చి, జాకీలు అంగుళం అంగుళంగా తిప్పాడు. పలక రాయికి ఆనింది.

అయినా ఎవరూ అడుగు వేయలేదు. ఇద్రీస్ వెళ్లి ఆ రాయి కిందే నిలబడ్డాడు.

"నేనీడే ఉంటా. ఒక్కొక్కరే రాండి."

వంట చేసే చెంగమ్మ పైకి చూడకుండా ముందు నడిచింది. ఆమె వెనక మిగతావాళ్లు. అందరికంటే చివర తిరుమలయ్య బయటికొచ్చాకే ఇద్రీస్ కదిలాడు.

మర్నాడు క్రేనుతో దించబోతే రాయి రెండు ముక్కలై వచ్చింది. తిరుమలయ్య ఆ ముక్కల వైపు చాలాసేపు చూశాడు. ఇద్రీస్‌ను లోపలికి పిలిచి, పక్కనే కూర్చోబెట్టుకుని, భోజనానికి తనే ఆకు వేశాడు.